వంటగది పొగ

మార్చి నీరెండకి
అందరి ముఖాలూ విచ్చుకుంటాయి.
ఓర్సోలా చేతులు మాత్రం కాలిపోతాయి.

మణికట్టు దాటి జానెడు దాకా
ఎవరో కొలత తీసి తొడిగిన
నల్లటి చేతిజోళ్లు.
మెడ చుట్టూ పట్టెడ,
బంగారంది కాదు, పొలుసులది.

వెనిస్ మడుగులో ఓ దీవి,
దీవి మీద పిచ్చాసుపత్రి,
దాని వంటమనిషిని నేను.
వైద్యం నాకు తెలీదు.
పడవ దిగేవాళ్ల చేతులు చూసి
ఎసట్లో ఎన్ని ఎముకలు వేయాలో చెప్పగలను.

మొదటిసారి ఆమెను తాళ్లతో కట్టి తెచ్చారు.
కాలవలో దూకబోయిందట.
చావడానికి కాదు,
ఒళ్లు మండుతోంది, నీళ్లు చల్లగా ఉంటాయని.
డాక్టరుగారు నాలుక చాపమన్నారు,
పద్దులో పొడుగాటి మాటేదో రాశారు.
పో నది పల్లెల్లో దాన్ని పెలాగ్రా అంటారు.
పులిసిపోయిన తోలు అని.
పాలు విరిగినట్టు మనిషి విరగడం అని
నేననుకుంటాను.

నేను అడిగింది ఒక్కటే, ఏం తింటావమ్మా?
"పోలెంటా."
రాత్రికి?
"పొద్దుటి పోలెంటా."
మొక్కజొన్న పిండి, నీళ్లు, ఉంటే ఉప్పు.
దూలానికి దారం కట్టి
ఒక ఎండుచేప వేలాడేశారట.
పిల్లలు నలుగురూ సంకటి ముక్కని
దానికి రాసుకుని తింటారట.
ఆ చేప ఎన్నాళ్లొస్తుంది?
"పెద్దాడు కొరక్కపోతే, ఈస్టర్ దాకా."

ఆవు లేదా?
ఉంది, దొరగారిది.
కోళ్లు?
ఉన్నాయి. గుడ్లు ఉప్పుకి పోతాయి,
ఉప్పులో సగం రాజుగారి పన్నుకి పోతుంది.
ద్రాక్షతీగలు పందిరికెక్కించేది ఆమే.
ఆ రసం రుచి అడిగితే
వాసన చెప్పింది.

ఎముకల పులుసు పోశాను. పాలు. చిక్కుడు గింజలు.
ఆదివారం, వేలెడంత మాంసం.
నాకు తెలిసిన మందులివే.
మూడో వారానికి నాలుక మీద ఎరుపు తగ్గింది.
వెల్లుల్లి పొట్టులా తోలు రాలి
కింద లేత చర్మం కనిపించింది.
ఒకరోజు నా చేతిలో కత్తి లాక్కుని
"ఉల్లిపాయ అలా కాదు కోసేది" అంది.
అప్పుడనుకున్నాను, తిరిగొచ్చేసిందని.

డాక్టరుగారు 'నయమైంది' అని రాశారు.
నేను ఆమె మూటలో రెండు గుడ్లు దాచాను.
అమ్మేస్తుందని తెలుసు.
అయినా దాచాను.

మళ్లీ మార్చి. మళ్లీ తాళ్లు.
ఆపై ఏడూ అంతే.
పద్దులో ఆమె పేరు పక్కన
'నయమైంది' అని మూడుసార్లు ఉంది.
నయమైన మనిషి మూడుసార్లు ఎలా నయమవుతుందో
రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు.

నాలుగో ఏడు తనే వచ్చింది.
పడవవాడికి కోడిపెట్టను ఇచ్చి,
ఫిబ్రవరి మంచు ఇంకా కరగకుండానే.
చేతుల మీద ఇప్పుడిప్పుడే ఎరుపు.
"ఏ రోజు ఇవాళ?" అన్నారు డాక్టరుగారు.
"గురువారం."
మొగుడి పేరు? చెప్పింది.
పిల్లల పేర్లు? వరసగా చెప్పింది,
పోయినవాడితో సహా.

"బుద్ధి బాగానే ఉంది.
ఇది పిచ్చివాళ్లకి పెట్టిన ఇల్లు, ఆకలివాళ్లకి కాదు.
పడవ ఉండగానే వెళ్లమ్మా."

ఆమె కదల్లేదు.
ఆయన భుజం మీదుగా
నా వంటగది పొగ వైపు చూసింది.
గాలి అటే వీస్తోంది.
మెల్లగా తలగుడ్డ విప్పింది.
జుట్టు ముఖం మీదకి లాక్కుంది.
ఒక చెప్పు తీసి నీళ్లలోకి విసిరింది.

"ఏ రోజు ఇవాళ?"
మళ్లీ అడిగారు ఆయన, ఈసారి నెమ్మదిగా.

"చేప," అంది.

ఆయన కలం సిరాలో ముంచడం చూశాను.
రెండోచెప్పు ఆమె కాలికే ఉంది.
అదొక్కటే ఉంది వాళ్లింట్లో, ఎలా విసురుతుంది?
ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు నేను.
లోపలికెళ్లి
ఎసట్లో ఇంకో ఎముక వేశాను.